నల్ల చుక్కలు

ఆదివారం, గోదావరిఖని

పక్క క్వార్టర్ రాజయ్య కాకను చూసి వచ్చాను. ఆపరేషన్‌లో తీసిన ఆయన ఊపిరితిత్తి ముక్కను కణాలు పెంచడానికి మా ల్యాబుకు ఇమ్మని అడిగింది నేనే. మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు.

"నా కణాలు ఎట్లున్నయ్ బిడ్డా? పెరుగుతున్నయా?" అన్నాడు, కూర్చోకముందే.

"మంచిగున్నయ్ కాకా" అన్నాను.

పోయిన వారమే వాటిని బ్లీచింగ్ నీళ్లలో పారబోశాను. మైక్రోస్కోపులో కణాల నిండా నల్ల చుక్కలు కనబడితే ఫంగస్ పట్టిందనుకున్నాను. కణాలు పెంచే మిగతా డిష్‌లకు అంటుకుంటుందని భయం. ఒక్క రోజు ఆగి పరీక్ష చేసి ఉంటే...

మాటల మధ్య కాకకు దగ్గు తెర వచ్చింది. తెల్ల తువ్వాల మీద నల్లటి మరక. "బొగ్గుబాయి దిగుడు బందయ్యి పదేండ్లాయె. ఇంకా బొగ్గే పడుతున్నది" అని నవ్వాడు.

ఆ చుక్కలు ఫంగస్ కాదు, బొగ్గు. తేల్చుకుందామన్నా ఒక్క కణమూ మిగల్చలేదు. ల్యాబులో ఇంకెవరైనా పొరబడవచ్చు. గనిలో డ్యూటీ దిగిన నాన్న బొగ్గంటిన బనీన్లు ఉతుకుతూ పెరిగినదాన్ని, నేనా?

నేను లేస్తుంటే కాక చెయ్యి పట్టుకున్నాడు.

"నేను పోయినా అవి బతుకుతయ్ గదా. జర మంచిగ చూసుకో బిడ్డా."

"చూసుకుంట కాకా" అన్నాను.