గంటల చీటీ

అక్కకి,

నమస్కారం. ఒంట్లో బాగానే ఉంది. కార్ఖానాలోనే బాగాలేదు.

పరుపుల కార్ఖానాకి నన్ను మేనేజర్ని చేశారని రాశాను కదా. మొన్న సెలవుకి ముందురోజు, మంచిపేరు తెచ్చుకుందామని, "ఈ రోజుకి మధ్యాహ్నంతో పని చాలించి ఇళ్ళకి వెళ్ళండి" అన్నాను. దూది ఏకేవాడు మిషను ఆపి ఈల వేశాడు. గలీబులు కుట్టేవాళ్ళు నా మాట పూర్తయ్యేలోగా చెప్పులు వేసుకున్నారు. అంతా బాగుందనుకుంటుంటే ఒంటిపూటావిడ లేచి నిలబడింది. రోజూ పొద్దున్న వచ్చి, మధ్యాహ్నం దాకా కుట్టి వెళ్ళిపోతుంది కాబట్టి అందరూ ఆవిడని అలాగే పిలుస్తారు. పెద్దావిడ. ఎవరి జోలికీ పోదు. అలాంటి మనిషి, "అయితే అందరూ నాతోపాటే వెళ్తారా సార్?" అంది.

నిజమే కదా! అందరికీ సగం పూట కలిసొచ్చింది, ఆవిడకి ఒరిగిందేమీ లేదు. ఆ మాట పైకి అనలేక అలా అడిగింది. ఫోనెత్తి "హలో" అన్నాను. అది మోగలేదు. అందరూ చూశారు.

వచ్చే నెలలో ఇంకో సెలవుంది. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట అంతమందిని నడిపిస్తున్నావు. నువ్వే దారి చూపించాలి.

నీ తమ్ముడు

తా.క. ఈ సంగతి బావకి మాత్రం చెప్పకు. ఏడాదంతా నవ్వుతాడు.

* * *

ఒరేయ్ తమ్ముడూ,

చల్లగా ఉండు. ఇంత చిన్నదానికి రెండు కాగితాలు పాడుచేశావేమిట్రా? అందరూ వాళ్ళ వేళకంటే ముందు వెళ్తే, ఆవిడా ఆవిడ వేళకంటే ముందు వెళ్ళాలి. పొద్దున టీ అవగానే పంపించెయ్యి. ఆవిడకి న్యాయం జరుగుతుంది, నీకు పుణ్యం వస్తుంది.

ఫోను మోగాకే ఎత్తు.

అక్క

తా.క. నా కళ్ళజోడు విరిగింది. నీ ఉత్తరం బావే చదివి వినిపించారు. చెప్పొద్దన్న ముక్క రెండుసార్లు చదివారు.

* * *

అక్కకి,

నీ సలహా అమలుచేశాను. అందుకే ఇలా ఉన్నాను.

సెలవుకి ముందురోజు టీ అవగానే ఒంటిపూటావిడ దగ్గరికి వెళ్ళి, "మీరు బయల్దేరండమ్మా" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. కుడుతున్న గలీబు సగంలో వదిలేసి, సంచి తీసుకుని తలవంచుకుని వెళ్ళిపోయింది. సంతోషంతో నోట మాట రాలేదనుకున్నాను.

మిగతావాళ్ళకి మాత్రం నోళ్ళు బాగానే వచ్చాయి. "ఆవిడ వచ్చిందే ఇప్పుడు కదా సార్!" అని గలీబులవాళ్ళు. పోయినసారిలాగే మిగతా అందరినీ మధ్యాహ్నం పంపేశాను. సాయంత్రం వ్యాను డ్రైవరు సరుకు దించి తిరిగొచ్చేసరికి గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప కార్ఖానాలో పురుగు లేదట. వ్యానులో మిగిలిన పరుపులన్నీ ఒక్కడే లోపలికి మోశాడు. అలిసిపోయి చివరి పరుపు మీద పడుకున్నాడట. నిద్ర బాగా పట్టిందనీ, అయినా ఇది అన్యాయమేననీ అన్నాడు.

రాత్రి కాపలా కాసే ఆ వాచ్‌మన్‌ది ఇంకో గోల. "మీరెంత ముందు పోతే నేనంత ముందు రావాలి. మీ దయంతా నా నెత్తినే పడుతోంది సార్" అన్నాడు.

ఇప్పుడు నేను నడిచొస్తుంటే మాటలు ఆగిపోతున్నాయి. మునుపటి మేనేజరు ఎవరినీ ఎప్పుడూ ముందు పంపలేదు. ఆయనంటే అందరికీ ప్రాణం.

నీ తమ్ముడు

తా.క. ఒంటిపూటావిడ నాతో మాట్లాడటం మానేసింది. ముందు కూడా మాట్లాడేది కాదనుకో. కానీ ఇప్పుడు మానేసినట్టు తెలుస్తోంది.

* * *

ఒరేయ్ తమ్ముడూ,

చల్లగా ఉండు. మా రోగులకి సెలవులుండవు కాబట్టి అందరినీ ఒకేసారి పంపడం కుదరదు. అయినా మా దగ్గర గొడవలేదు. చీటీ వేస్తాం. ఎవరికొస్తే వాళ్ళు ముందు వెళ్తారు. మిగతావాళ్ళు నోరు మూసుకుని దుప్పట్లు పిండుతారు. నువ్వూ చీటీ వెయ్యి. పని హడావిడిలో ఉన్నాను, ఇంతకంటే రాయలేను.

అక్క

తా.క. మునుపటి మేనేజరు అడ్రసు ఉంటే పంపు. సలహాలు ఆయన్నే అడుగుదువుగాని.

* * *

అక్కకి,

నీ నోటి చలవ. చీటీ బ్రహ్మాండంగా నడుస్తోంది!

దానికి 'గంటల చీటీ' అని పేరు పెట్టాను. చేరినవాళ్ళు రోజూ సాయంత్రం కాసేపు ఎక్కువ పనిచేసి ఆ సమయాన్ని చీటీలో వేస్తారు. సెలవుకి ముందురోజు పాట పెడతాం. పాడుకున్నవాళ్ళు పోగైన గంటలన్నీ ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోతారు. మిగతావాళ్ళు చీకటిపడేదాకా ఉంటారు. అందరూ ఎగబడి చేరారు. దూది ఏకేవాడు రెండు చీటీలు వేశాడు. ఇప్పుడతను ఇంటికి వెళ్ళడమే లేదు.

పరుపులు పైకప్పు దాకా పేరుకున్నాయి. యజమాని వచ్చి చూసి నా భుజం తట్టారు. ఒంటిపూటావిడ ఒక్కతే చేరలేదు. "నాకెందుకు సార్" అని ఊరుకుంది. పోనీ, ఆవిడ తరఫున నేనే రోజూ కాసేపు కుడుతున్నాను.

నీ తమ్ముడు

తా.క. నేను కుట్టిన గలీబులకి జిప్పు లోపలివైపు వచ్చింది. ఎవరికీ చెప్పకు.

* * *

ఒరేయ్ బుద్ధిమంతుడా,

చీటీ అంటే కాగితం ముక్కలు మడిచి డబ్బాలో వేసి తీయడంరా! పాట పెట్టమని నేనెప్పుడన్నాను? ముందు ఇంటికి పంపాల్సినవాళ్ళని చీకటిదాకా కూర్చోబెడతావా? అందులో మీ యజమాని భుజం తట్టారంటే, అది కార్మికులకి మంచిది కాదని అప్పుడే తెలియాలి.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆవిడకి న్యాయం న్యాయం అని ఇన్ని ఉత్తరాలు రాశావు. ఆవిడకేం కావాలో ఆవిణ్ణి ఒక్కసారైనా అడిగావా? నేనూ అడగమనలేదనుకో. పెద్దదాన్ని, నాకు తోచాల్సింది. వెళ్ళి కూర్చుని అడుగు. ఫోను పక్కన పెట్టి అడుగు.

అక్క

తా.క. బావ తన పేరున ఒక చీటీ వెయ్యమంటున్నారు. మన చుట్టాలు దిగిన రోజు ఎత్తుకుని ఇంట్లోంచి బయటపడతారట.

* * *

అక్కకి,

నమస్కారం. అడిగాను.

ఒంటిపూటావిడ దారం ఉండ చుట్టి పక్కన పెట్టింది. తర్వాత అంది: "మీరంతా అన్నం డబ్బాలు తెరిచే వేళకి నేను సంచి సర్దుకుంటాను సార్. ఎండలో సందు చివరిదాకా ఒక్కదాన్నే పోతాను. ఇన్నేళ్ళలో ఎవరింట్లో పెళ్ళి కుదిరిందో, ఎవరి పిల్లకి జ్వరమో, అన్నీ నాకు ఆఖర్న తెలుస్తాయి. ఆ రోజు అందరూ నా వేళకే వస్తున్నారంటే సంబరంగా అనిపించి అడిగాను. తర్వాతి సెలవుకి మీరు టీ అవగానే నన్ను పంపించేశారు. నా కుట్టు బాగాలేదేమో, మాన్పిస్తారేమోనని ఇంటికెళ్ళి ఏడ్చాను."

అక్కా, నేను మళ్ళీ ఫోనెత్తలేదు. తప్పయిపోయిందమ్మా అన్నాను. అందరినీ పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. దూది ఏకేవాడు లేచి, "నా రెండు చీటీలూ వదిలేస్తున్నా సార్, ఈ చీటీనే ఎత్తెయ్యండి" అన్నాడు. దాంతో చీటీ అక్కడికక్కడే అయిపోయింది. సాయంత్రందాకా వ్యాను నడపక తప్పదు కాబట్టి, డ్రైవరుని సెలవు మర్నాడు ఆలస్యంగా రమ్మన్నాం. వాచ్‌మన్ తన వేళకే వస్తాడు. అందాకా గేటు దగ్గర నేనుంటాను.

ఈ రోజు సెలవుకి ముందురోజు. మధ్యాహ్నం అందరూ ఒక్కసారే లేచారు. గేటు లోపల స్టూలు వేసుకుని చూస్తూ కూర్చున్నాను. ఒంటిపూటావిడ నడక నెమ్మది. ఆవిడ నడకకి తగ్గట్టే అందరూ నడిచారు. దూది ఏకేవాడు ఆవిడ సంచి పట్టుకున్నాడు. ఇళ్ళకి ముందే పంపిస్తే, ఆ చిన్న సందు దాటడానికి అరగంట చేశారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. నవ్వులు మాత్రం వినిపించాయి.

నీ తమ్ముడు

తా.క. ఇంత పెద్ద ఉత్తరం ఎందుకు రాశానంటే, వెళ్తూ వెళ్తూ ఎవరో అలవాటుకొద్దీ గేటుకి బయట తాళం వేశారు, వాళ్ళనే చూస్తూ నేను గమనించలేదు. తాళంచెవి ఉన్న వాచ్‌మన్ వచ్చేదాకా నేను లోపలే. కంగారుపడకు, పరుపులకి లోటు లేదు.