గారు లేని పేజీ

శనివారం, సుక్మా

ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో నా చిన్ననాటి నేస్తం లింగయ్య పేజీ రాయడం పూర్తయిందని మనవరాలు శాంత సాయంత్రం ఫోన్ చేతికిచ్చింది. ఎమ్మెల్యేగా చేసి పోయినవాడి గురించి నాకు తెలిసిందంతా నేనే కాగితం మీద రాసిచ్చాను. అందులో ప్రతిచోటా ‘మహానుభావులు లింగయ్య గారు’ అని పెట్టాను. పేజీలో చూస్తే ‘అతను’ అని ఉంది. మనసు చివుక్కుమంది.

“ఏందమ్మా, గారు ఏడబోయింది?”

“అక్కడ ఎవరికీ గారు పెట్టం తాతా. గెలిచినోళ్లకైనా, ఓడినోళ్లకైనా ఒకటే లెక్క. మహానుభావుడో కాదో చదివెటోళ్లే చూసుకుంటరు.”

మన ఊరి వాగు మీద పులియా, అదే చిన్న వంతెన, కట్టిస్తానని మాటిచ్చి కట్టించలేదని కూడా ఉంది, పాత పేపరు ఆధారంతో. తీసెయ్యమని అడగబోయాను. అబద్ధం కాదు కదా, మానుకున్నాను.

బడిలో మా ఇద్దరికీ ఒకటే పలక. వాడు గెలిచాక ఒకసారి సంతలో, నలుగురి ముందు, “లింగయ్య గారూ” అన్నాను. చెయ్యి పట్టి పక్కకు లాగాడు.

“నువ్వు గూడ గారు అంటే నన్ను పేరు పెట్టి పిలిచెటోడు ఇంకెవడున్నడురా?”

ఇది చెబితే శాంత నా భుజం మీద చెయ్యి వేసి నవ్వింది. “మంచిగుంది తాతా. కానీ దీనికి ఆధారం లేదు, పేజీల పెట్టలేను.”

అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను. శాంతకు చెప్పనిది ఒకటుంది. ఆ రోజు సంతకు వెళ్లింది పులియా సంగతి అడగడానికే. ఒరే లింగా అని పిలిచి ఉంటే అడిగేవాణ్ణి. గారు అనేసరికి అడిగే చనువు పోయింది.