గాలి ఎంతుందిరా

ఇష్పెమింగ్,
1988 మే 17

లెంపి అక్కకి,

తమ్ముడు ఆర్వో రాస్తున్నది. నాన్నకీ నాకూ ఒంట్లో బాగానే ఉంది. నీ చేతి వంట తింటూ కూడా మీ ఓడలో జనమంతా క్షేమంగానే ఉన్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం అందింది. ఆవిరి స్నానాల గదికి కొత్త పొగగొట్టం పెట్టాను. పన్ను పీకించుకున్నాను. నాన్న కారుతో గుద్దేసిన, పక్కింటి హెల్మిగారి గేటు ముందు పోస్టు డబ్బాని మళ్లీ పాతాను. డబ్బాకి జానెడు దూరంలో ఆవిడ నిలబడి ఉందట ఆ రోజు. "మీ నాన్నకి నేను డబ్బాలా కనిపించానా?" అని అడిగింది. "డబ్బా కాస్త సన్నం కదండీ" అన్నాను. చీపురు తీసింది.

ఇక నువ్వడిగిన అసలు సంగతి. నాన్న దగ్గర కారు తాళం లాక్కున్నానా? లేదు. "నీకు చూపు ఆనడం లేదు, నడపడం మానెయ్యి" అని ఆయన మొహం మీద అనడానికి నాకు నోరు రాలేదు. కానీ పందొమ్మిది రోజులు కారు గుమ్మం దాటలేదు. కుదుపు పట్టుకుంది దానికి. వాకిట్లో గులకరాయి తగిలినా నడుం విరిగేలా ఎగిరిపడేది. నలభై ఏళ్లు గని లారీల కింద పడుకుని కమాన్లు బాగుచేసిన మనిషి. "ఇలా గెంతే బండిలో ఊళ్లోకెళితే నా పరువేంగాను?" అన్నాడు.

ఒక్కో మూల నిలబడి మడ్‌గార్డుని రెండు చేతులతో కిందికి నొక్కాడు. ఒక్కసారి పైకి లేచి ఆగిపోయింది. "షాకబ్జర్లు బాగానే ఉన్నాయిరా. పోతే ఉయ్యాలలా ఊగేది" అన్నాడు. అయినా వెనక రెండూ మార్చాడు. కుదుపు తగ్గలేదు. బుష్‌లు మార్చాడు. తగ్గలేదు. కమాన్లు ఊడదీసి, తుప్పు గీకి, గ్రీజు పూశాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, చల్లటి నేల మీద వెల్లకిలా పడుకుని.

రోజూ పని మొదలెట్టేముందు అడిగేవాడు: "గాలి ఎంతుందిరా? కళ్లజోడు లోపల మర్చిపోయా."

నేను గేజి చూసి "ముప్పై రెండు నాన్నా" అనేవాణ్ని.

"రాయిలా ఉందేంట్రా టైరు?"

"కొత్తవి కదా."

అక్కా, ఇక్కడ కాస్త కూర్చుని చదువు. గాలి యాభై, ఆ కుదుపంతా దానిదే. నాలుగు టైర్లకీ నేనే కొట్టాను. రెండ్రోజుల్లో విసిగి వదిలేస్తాడనుకున్నాను. మొదట్లో షెడ్డు వెనక్కెళ్లి నవ్వుకున్నాను కూడా.

మొన్న శనివారం ఆవిరి స్నానం చేసి బల్ల మీద కూర్చుని తన అరచేతులు చూసుకున్నాడు. "చేతులు పోయాయిరా ఆర్వో. తెలిసిన పని తెలియకుండా పోయింది. బండి అమ్మేద్దాం" అని తాళం నా చేతిలో పెట్టాడు. నువ్వు తీసుకోమన్న తాళమే. నిజం చెబితే మళ్లీ నడుపుతాడు, ఈసారి డబ్బాతో పోదు. చెప్పకపోతే పొయ్యి పక్కన కూర్చుని చేతులే చూసుకుంటాడు. రెండు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను.

ఇవాళ పొద్దున కాఫీ దగ్గర చెప్పేశాను. "యాభై నాన్నా. ముప్పై రెండు కాదు."

తిట్టలేదు. కప్పు దించి బయటికెళ్లి, ప్రతి టైరు దగ్గరా మోకాళ్ల మీద కూర్చుని గాలి వదిలాడు. బొటనవేలితో నొక్కి చూసుకుని "ఇప్పుడెంత?" అన్నాడు.

"ముప్పై రెండు."

"ఒట్టా?"

"ఒట్టు."

నన్ను నడపమని తను పక్కన కూర్చున్నాడు. చలికాలం మంచుకి ఉబ్బిపోయిన గని రోడ్డు మీదికి పోనిచ్చాను. బండి మెత్తగా సాగిపోయింది. ఆయన కళ్లు మూసుకుని ప్రతి గుంతనీ ఒంటితో చూసుకున్నాడు.

"నా చేతులకేం కాలేదన్నమాట."

"ఏం కాలేదు నాన్నా."

"మరి కళ్లు?"

నేను ఎదురొచ్చిన గుంతని తప్పించాను.

"నాకు కనబడదని చెప్పడానికి నీకు పందొమ్మిది రోజులు పట్టింది. నాకు రెండేళ్లయినా నోరు రాలేదు" అన్నాడు.

ఇంటికొచ్చాక తాళం అడగలేదు. "బండి నాది, నడిపేది నువ్వు. చేపలకైనా, పేకాటకైనా, పిలవగానే రావాలి" అన్నాడు.

"ఎన్నాళ్లు?"

"నేను పోయేదాకా. మా నాన్న తొంభై ఆరేళ్లు బతికాడు."

అదిగో, పక్క సీట్లోంచి వంగి మరీ హారన్ కొడుతున్నాడు. ఇది నాలుగోసారి. వెళ్లాలి.

ఇట్లు,
జీతం లేని డ్రైవరు, నీ తమ్ముడు
ఆర్వో