దారిలో పోయిన పౌలు గురించి

మిర్యాలగూడ,
తేది: 14-09-2009.

విచారణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: బాలికల హ్యాండ్‌బాల్ జట్టు కెనడా ప్రయాణంలో నా భర్త మేడి పౌలు గారు మరణించగా, భౌతికకాయంతో వెనుకకు రాకుండా జట్టుతో ముందుకు వెళ్ళినందుకు సంజాయిషీ సమర్పించుట – నా కూతురిని మరల విచారణకు పిలువకుండుటకు ప్రార్థన – గురించి.

పై విషయమై తమకు విన్నవించునది ఏమనగా:

1. నేను బాలికల ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేయుచున్నాను. మన ప్రాంతపు అండర్-16 బాలికల జట్టు కెనడాలో జరిగే పోటీలకు ఎంపికైనప్పుడు, ఆడపిల్లల బాధ్యత చూచుటకు నన్ను నియమించారు. నా కూతురు గ్రేస్ కూడా ఆ జట్టులో ఆడుతుంది. నా భర్త పెళ్ళిళ్ళకు వంటలు చేసేవారు. అక్కడి తిండి పిల్లలకు పడదని, జట్టు మేనేజరు ఉపేందర్ గారు ఆయనను వంటకు తీసుకున్నారు. మా ముగ్గురికీ విమానం ఎక్కడం అదే మొదలు.

2. విమానంలో ఇచ్చిన అన్నం తిని ఆయన, "పుష్పా, మన మిల్లుల తౌడుగూడ ఇంతకన్న రుసి ఉంటది. ఆడ దిగినంక పోరగాండ్లకు నేను వండిపెడత సూడు" అన్నారు. తరువాత నిద్రపోయారు. టీ ఇవ్వడానికి వచ్చిన అమ్మాయి లేపితే లేవలేదు. ప్రయాణికులలో ఒక డాక్టరు ఉండి, చూసి, గుండె ఆగిపోయిందని చెప్పారు. వేరే చోటు లేక ఆయనను ఆ సీటులోనే ఉంచి దుప్పటి కప్పారు. గ్రేస్ ముందు వరుసలలో స్నేహితుల మధ్య నిద్రలో ఉంది. లేపలేదు. దిగబోయే ముందు అందరినీ బెల్టు పెట్టుకోమన్నారు. నేను పెట్టుకుని, ఆయనకు కూడా పెట్టాను.

3. విమానం మారవలసిన చోటు జర్మనీ. అక్కడ ఆయనను దించారు. గ్రేస్‌కు అప్పుడు చెప్పాను. అక్కడి అధికారిణి, నేను కావాలంటే ఆగిపోవచ్చునని, అందుకు కాగితం ఇస్తామని అన్నది. ఆమె మాటలు ఉపేందర్ గారు నాకు తెలుగులో చెప్పి, తన మాట కూడా చెప్పారు: "మేడం, మీరు ఆగితే మేమందరం వాపస్ పోవుడే. ఆడమనిషి లేకుండ పిల్లల్ని ముందుకు తీస్కపోనీకి రూలు ఒప్పది. మీరెట్లంటే అట్ల. నేనేం అనను."

పిల్లలు గోడ పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. అందులో మా గోల్‌కీపరు సరళ ఉంది. దాని తండ్రి రామలింగయ్య గొర్లు కాసుకునే మనిషి. బిడ్డను బస్సు ఎక్కిస్తూ, "టీచరమ్మా, నేను మిర్యాలగూడ దాటి ఎన్నడు పోలే. నిన్ను సూసి పంపుతున్న" అని నాతో అన్నాడు.

నాకు ఏ ఆలోచనా రాలేదు. గ్రేస్ అడిగింది.

"నాన్నను ఏడ పెడతరు?"

"సల్లటి గదిల పెడతరంట."

"మనం మళ్ళ గీడికెల్లే వస్తం గద. అందాక ఉంచుతరా?"

"ఉంచుతరంట."

"అయితే పోదాం అమ్మా. నాన్న ఒక్కడే ఇంటికి పోయి ఏం జేస్తడు? అందరం కలిసే పోదాం."

నేను ఉపేందర్ గారితో పోదామని చెప్పాను. కావున ఈ నిర్ణయం నాదే. పిల్లది కాదు, ఉపేందర్ గారిది కాదు.

4. కెనడాలో నా విధులు నేను నిర్వర్తించాను. పిల్లలకు జడలు వేశాను, మోకాళ్ళకు పట్టీలు కట్టాను, ఆట మొదలయ్యే ముందు ఉరికించాను. ఆయన మూటకట్టి తెచ్చిన సోనా బియ్యంతో వంట కూడా నేనే చేశాను. ఒకసారి పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. పిల్లలు ఒక్క మాట అనకుండా తిన్నారు. "భర్త చనిపోయిన స్త్రీ వలె ప్రవర్తించలేదు" అన్న ఆరోపణపై నా జవాబు: నిజమే. ఏడవలేదు. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. కారణం నాకు తెలియదు. తెలిసిన వెంటనే తమకు తెలియజేయగలను.

5. తిరుగు ప్రయాణంలో ఆయన పెట్టె మా విమానంలోనే వచ్చింది. సమాధి దగ్గర, పాలకీడులో ఉండే మా బావగారు దానయ్య గారు అందరి ముందర, "నా తమ్ముడు సల్లపెట్టెల పండుకుంటే నువ్వు బంతులాడిస్తివా పుష్పా?" అని అడిగారు. తమకు ఫిర్యాదు ఇచ్చింది కూడా వారే. వారిపై నాకు కోపం లేదు. చిన్నప్పుడు తమ్ముణ్ణి భుజాల మీద మోసుకుని బడికి తీసుకుపోయిన మనిషి.

6. మరణ ధ్రువీకరణ పత్రం కోసం వెళ్ళగా, రిజిస్టరు చూసే గుమాస్తా, "ఏ ఊర్ల చనిపోయిండు?" అని అడిగినాడు. ఆకాశంలో అని చెప్పాను. "ఆకాశం మా వార్డుల లేదమ్మా" అన్నాడు. అతడు ఎగతాళి చేయలేదు. నిజంగా పుస్తకంలో వెతికి చెప్పాడు. జర్మనీ వారిచ్చిన కాగితం వారి భాషలో ఉన్నందున ఇక్కడ చదివేవారు లేరు. దాని నకలు జతపరచుచున్నాను. తమకు వీలైతే ఎక్కడ చనిపోయినట్లు రాయాలో తెలుపగలరు.

7. క్రితం విచారణలో నా కూతురిని పిలిచి, "మీ నాన్న సచ్చిపోతే నీకు ఆట మీదికి మనసెట్ల పోయింది?" అని అడిగారు. అడిగింది తమరు కాదు, తమ పక్కన కూర్చున్నవారు. పిల్ల ఇంటికి వచ్చి, "అమ్మా, పోదామని నేను అనకపోతే బాగుండెనా?" అని నన్ను అడిగింది. బాగనే అన్నవ్ బిడ్డా అన్నాను. నమ్మలేదు. అప్పటి నుండి మైదానానికి రావడం లేదు. సాయంత్రం నేను ఈల తీసుకుని బయలుదేరితే లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది.

కావున ప్రార్థించునది ఏమనగా: నన్ను సస్పెండు చేసినా, దూరం బదిలీ చేసినా శిరసావహిస్తాను. ఎన్నిసార్లు పిలిచినా వస్తాను. పదిహేనేళ్ళ పిల్లను మాత్రం ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోబెట్టవద్దు. ఆ ప్రశ్న ఎవరైనా అడగవలసి ఉంటే నన్నే అడగగలరు.

జరిగింది జరిగినట్లు రాశాను, తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మేడి పుష్ప,
వ్యాయామ ఉపాధ్యాయిని.

మరొక మనవి: ఇంతవరకు ఎవరూ అడగలేదు కనుక పైన రాయలేదు. పిల్లలు మూడవ స్థానం తెచ్చారు అయ్యా. ఆఖరి గోలు గ్రేస్ వేసింది. వేసి నా దిక్కు చూసింది. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. అది కూడా నేరమైతే నా ఫైలులో చేర్చుకోగలరు.