జీడిమొద్దు మీద మొప్పలు

కంచిలి, సోమవారం.

నాయనమ్మా, ఇక్కడ అందరం బాగున్నాం, బెంగపడకు. ఇది తమ్ముడి చేత చదివించుకో.

తుఫానుకి పడిన జీడిచెట్టు మొద్దు మీద, వానలు పట్టాక తెల్లగా ఏవో విచ్చుకున్నాయి. పొద్దున్నే ముసురులో చూస్తే, సముద్రం తోటదాకా వచ్చి గుల్లలు మరిచిపోయి వెళ్లినట్టుంది. కూరకని అత్త చేటెడు కోసింది. మొప్పలు చూసి చేప తాజాదో కాదో చెప్పే మన డొంకూరు అలవాటు కొద్దీ ఒకటి తిప్పి చూశాను. అడుగున అచ్చం చేప మొప్పలే, ఎరుపన్నది లేకుండా పాలిపోయి ఉన్నాయి. "వద్దత్తా, పాడైపోనాది" అన్నాను.

అత్త పడిపడి నవ్వింది. "ఇది సేప కాదే పిల్లా, పుట్టగొడుగు. అయితే ఈ రకం నానెరగను. కొండకాడ పుట్టిన మీ నాయనమ్మ సెప్పినదాకా పొయ్యెక్కించను" అంది.

ఫోనులో ఫొటో నీ కళ్లకి ఆనదు. అందుకే ఒకదాన్ని ఈ కార్డు మీద బోర్లించాను. సాయంత్రానికి లేత బూడిదరంగు పొడి రాలి, గీతలు గీతలుగా అచ్చు పడింది. దాని చుట్టూ రాస్తున్నాను. వాసన చూసి, మీ కొండల్లో ఇది తింటారో లేదో చెప్పు.

చెవిలో మందు వేసుకుంటున్నావా? తమ్ముడు ఇటు వస్తే ఎండు నెత్తళ్లు పంపు. అత్త నీకు దండాలు చెప్పమంది.

నాలాగే నువ్వూ కొత్త కోడలిగా డొంకూరు వచ్చినప్పుడు, సముద్రపొడ్డున పడున్న జెల్లీ చేపల్ని పుట్టగొడుగులనుకుని ఒడినిండా ఏరుకొచ్చావని ఇన్నేళ్లూ నీ మీద నవ్వాను. ఆ పూట నువ్వెవరికి కార్డు రాసుకున్నావు నాయనమ్మా?

నీ బేబి