ఎదురుకాళ్ళ బెంగ

ప్రియమైన బొంగరానికి,

ఫోనులోనైతే హాయిగా తిట్టేదాన్ని. నీకు వినబడదు కాబట్టి రాయాల్సి వస్తోంది.

ఎనిమిదో నెల దాటినా కడుపులో బిడ్డ తల పైకే ఉందన్నావు. నువ్వూ ఎదురుకాళ్ళతోనే పుట్టావు, పుట్టుకతోనే నీ లోపలి చెవి పనిచేయలేదు, కాబట్టి బిడ్డకీ అంతేనేమోనని నీ బెంగ. పైకీ కిందికీ తేడా చెప్పేది లోపలి చెవే గనుక, అది పనిచేయని బిడ్డ తల కిందికి తిప్పదని ఎవరో ఊహించారు. ఊహ బాగానే ఉంది. చిన్నప్పుడు ఎంత గిరగిరా తిప్పినా నీకు కళ్ళు తిరిగేవి కావు, అందుకేగా బొంగరమన్నాం!

అయితే మీ అమ్మా ఎదురుకాళ్ళతోనే పుట్టింది. తలుపులు మూసుకున్నా దానికి పక్కింటివాళ్ళ గుసగుసలు వినబడతాయి. నలభై ఏళ్ళు శరీరశాస్త్రం చెప్పినదాన్ని, చెబుతున్నాను: కాళ్ళు చూసి చెవులు లెక్కగట్టకు.

నీ నోటిదురుసు అమ్మమ్మ

*

ప్రియమైన అమ్మమ్మకి,

తిరిగింది! డాక్టరమ్మ పొట్ట మీద రెండు చేతులూ వేసి, మెల్లమెల్లగా నెట్టి, తల కిందికి తెచ్చింది. అక్కడే ఏడ్చేశాను. మా ఆయన తిన్నగా వెళ్ళి గిలక్కాయ కొనుక్కొచ్చాడు. చప్పుడు ఎంత బాగుందో అంటూ ఇల్లంతా ఊపుకుంటూ తిరుగుతున్నాడు. బిడ్డకి అన్నీ వినబడతాయి అమ్మమ్మా, నా భయం పోయింది.

నీ బొంగరం

*

ప్రియమైన పిచ్చిదానికి,

గిలక్కాయ ఊపుతున్న పెద్దమనిషికి నా ఆశీస్సులు. నీ సంతోషం మీద నీళ్ళు చల్లాలని కాదు గానీ, నాకు అబద్ధం రాదు. బిడ్డను తిప్పింది డాక్టరమ్మ చేతులు, బిడ్డ చెవులు కాదు. పుట్టాక పరీక్షలో తెలుస్తుంది. అందాకా వేళకి తిను, పడుకో.

ఏది తెలిసినా ముందు నాకు రాయి. మీ అమ్మకి రాస్తే కాగితం తడిపేస్తుంది.

అమ్మమ్మ

*

అమ్మమ్మా,

ముందు నీకే రాస్తున్నాను. ఆడపిల్ల. తలతోనే వచ్చింది.

పరీక్ష రెండుసార్లు చేశారు. రెండు చెవులూ పలకలేదు. మా ఆయన నడవాలో గోడవైపు తిరిగి నిలబడిపోయాడు. నీ మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. నిజమే చెప్పావు కాబట్టి కుదరలేదు.

మధ్యాహ్నం పాప ఏడుస్తోందని పక్క మంచం ఆవిడ నాకు చెయ్యి ఊపింది. చుట్టూ అందరూ దానికి ముద్దుమాటలు చెబుతున్నారు. నేను తీసుకుని నా గొంతుకి ఆనించుకుని జోల పాడాను. ఊరుకుంది. చెయ్యి చాపి నా గొంతు మీద పెట్టింది.

వార్డంతా నవ్వింది. నా శ్రుతి ఘోరంగా ఉందట. మాకిద్దరికీ ఏమీ తేడా తెలియలేదు.

నీ మనవరాలు, నీ మునిమనవరాలు