నాన్నను పిలవని విందు

జుబ్రవిచి పల్లె,
28 అక్టోబర్ 1992

మా రైసాకు,

మన పొయ్యి వెచ్చదనం, చెరువు మీది పొగమంచు రెండూ కలిపి పంపుతూ అమ్మ రాస్తున్నది. ఇక్కడ నేనూ ఆవూ క్షేమం. మిన్స్క్‌లో నువ్వూ అల్లుడూ మనవడూ కులాసా అనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. మనవడి ఒకటో తరగతి వాచకం ముందేసుకుని, వాడితో పాటు నువ్వూ మన బెలారూసీ భాష చదువుతున్నావట. తప్పు పలికితే వాడు నవ్వుతున్నాడట. నవ్వనీ. చదివి నాకూ నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

తాతల విందు ఈసారి నీ ఇంట్లోనే పెడతానన్నావు, సంతోషం. పద్ధతి అడిగావు కదా. వంటకాలు బేసి సంఖ్యలో ఉండాలి. బార్లీ అన్నంలో తేనె కలిపి ముందు అదే వడ్డించు. కొవ్వొత్తి వెలిగించి, తలుపు తీసి, పోయినవాళ్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలవాలి. మన భాషలోనే పిలువు, వాళ్లకు తెలిసింది అదే. పిలిచినవాళ్లకు తలా ఒక చెంచాడు వేరే పళ్లెంలో తీసి పెట్టాలి. పిలవనివాళ్లు గడప దాటి రాలేరు.

కానీ నాన్నను మాత్రం పిలవనని రాశావు. రష్యన్‌లో చదువు చెప్పే మిన్స్క్ బడిలో మన భాష పాఠం నీకు వద్దని అర్జీ పెట్టిన మనిషిని, పోయి రెండేళ్లయినా సరే, నీ బల్ల దగ్గర కూర్చోబెట్టనన్నావు. తోటిపిల్లలు ఆ పాఠం చదువుతుంటే వరండాలో ఒంటరిగా కూర్చుని తలుపు సందులోంచి వినేదానివి. నాకూ గుర్తే.

నిన్న మధ్యాహ్నం క్యాబేజీ ఉప్పులో వేసి, పొయ్యి పక్కన కాస్త కునుకు తీశాను. కలలో నీ ఇల్లు. ఐదో అంతస్తు దాకా మెట్ల మీదంతా మన చెరువు పొగమంచే. తాతలూ ముత్తవ్వలూ ఒకరి వెనక ఒకరు లోపలికి పోతున్నారు. మీ నాన్న యాజెప్ మాత్రం బూట్లు శుభ్రంగా తుడుచుకుని, టోపీ చేతిలో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి పో, ఇంకా సిగ్గేమిటి అన్నాను. పిల్ల పిలవలేదుగా స్తెఫా, పిలిచాక పోతాలే, ఏం తొందర అన్నాడు. బతికున్నప్పుడూ అంతే, తన కోసం నోరు తెరిచి ఏదీ అడగని మనిషి. మెలకువ వచ్చినా ఆ మంచు వాసన ఇంకా గదిలో ఉన్నట్టే ఉంది.

పక్కింటివాళ్ల చేత తేనె పంపుతున్నాను. విందు దాకా అల్లుడి కంట పడనీయకు.

ఆశీస్సులతో,
అమ్మ

తా.క. ఉత్తరం మడిచి మళ్లీ విప్పాను. ఆ అర్జీ రాసింది నేను. నీ చిన్నప్పుడు మనం పల్లె వదిలి మిన్స్క్‌లో కాపురం పెట్టిన కొత్తలో, ట్రామ్‌లో మన భాషలో టికెట్ అడిగితే, మనుషులు మాట్లాడే భాషలో, అంటే రష్యన్‌లో, అడగమని అందరి ముందూ గసిరారు. ఆ మాట నువ్వు పడకూడదనుకున్నాను. నాన్న సంతకం కూడా నేనే పెట్టాను. తెలిశాక ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నువ్వు నిలదీసినప్పుడు మాత్రం అవును నేనే అన్నాడు. ఎందుకలా చెప్పావంటే, పిల్లకు నా మీద కోపమొస్తే నువ్వున్నావు, నీ మీద కోపమొస్తే అదెవరి దగ్గరికి పోతుంది అన్నాడు. ఈసారి ముందు ఆయన్నే పిలువు తల్లీ. నా వంతు వచ్చినప్పుడు పిలుస్తావో లేదో, నీ ఇష్టం.